గాదె కింద రాతి గొడుగులు: టాస్మేనియాలో నాలుగు రోజులు

మెల్‌బోర్న్‌లో అమ్మాయి దగ్గర మూడు నెలలుండి, సంక్రాంతికి ముందే తెనాలి వచ్చేశాం. సూట్‌కేసులు ఇంకా పూర్తిగా సర్దనేలేదు. ఏం చూశారని అడిగినవాళ్లకి కంగారూలు, సముద్రం అని చెప్పి తప్పించుకుంటున్నాను. నిజానికి నా బుర్రలో తిరుగుతున్నవి ఆస్ట్రేలియాకి దక్షిణాన ఉన్న టాస్మేనియా ద్వీపంలో చూసిన రెండొందల ఏళ్ల నాటి రెండు వ్యవసాయ కమతాలు. ఇంకా చెప్పాలంటే ఆ ఇళ్లు కూడా కాదు, వాటి వెనకున్న కొట్లు, పాకలు, వంటశాలలు. నాలుగు రోజులూ మనవడి పాత నోటుబుక్కులో గిలికి పెట్టుకున్నవి చూసి రాస్తున్నాను.

డిసెంబరు 21, లాంగ్‌ఫర్డ్

టాస్మేనియాలోని లాన్సెస్టన్‌లో విమానం దిగి సామాను కోసం నిలబడితే, ఒక కుక్క అందరి బ్యాగులూ వాసన చూసుకుంటూ వచ్చి నా చేతిసంచి దగ్గర బుద్ధిగా కూర్చుంది. నాకు అర్థం కాలేదు. అల్లుడికి అర్థమైంది. "అత్తయ్యా, కరివేపాకు ఏమైనా పెట్టారా?" అన్నాడు.

పెట్టాను. అమ్మాయి వాళ్ల పెరట్లో కుండీలోది, రెండు రెబ్బలు. రెండు నిమ్మకాయలు కూడా. ఆస్ట్రేలియాలోనే ఒకచోటి నుంచి ఇంకోచోటికి వెళ్తున్నాం కదా, ఏమవుతుందిలే అనుకున్నాను. టాస్మేనియాలోకి బయటి నుంచి కాయగూరలు, పళ్లు, ఆకులు రానివ్వరట. పురుగులు, తెగుళ్లు వస్తాయని భయం. కుక్కతో ఉన్న అమ్మాయి కోప్పడలేదు. నవ్వుతూనే చెత్తబుట్ట చూపించింది. పారేస్తుంటే ప్రాణం ఉసూరుమంది. ఆవకాయ సీసాని మాత్రం మూత తీసి చూసి, వెనక్కి ఇచ్చేసింది. కుక్క రెండు తుమ్ములు తుమ్మింది.

లాంగ్‌ఫర్డ్ అక్కడికి దగ్గరే. మన లెక్కలో పెద్ద పల్లెటూరు. ఒక మెయిన్ రోడ్డు, ఇటుకల ఇళ్లు, పొగగొట్టాలు, ప్రతి ఇంటి ముందూ గులాబీలు. ఒకప్పుడు, 1953 నుంచి 1968 దాకా, ఈ ఊరి రోడ్ల మీదే కార్ల రేసులు జరిగేవట. ఇప్పుడు ఆ రోడ్డు మీద ఎదురొచ్చే ప్రతి కారువాడూ స్టీరింగ్ మీద నుంచి చూపుడువేలు ఒక్కటి పైకి లేపుతున్నాడు. అల్లుడు మొదట టెన్షన్ పడ్డాడు, లైట్లు ఆర్పలేదేమో, టైర్లో గాలి లేదేమో అని. తీరా చూస్తే అది పలకరింపు. సాయంత్రానికి మావారు కూడా వెనక సీట్లోంచి వేలు లేపడం మొదలుపెట్టారు.

మధ్యాహ్నం తిన్నది స్కాలప్ పై. స్కాలప్ అంటే ఒకరకం ఆల్చిప్పలో మాంసం. దాన్ని కూరపొడి వేసిన గ్రేవీలో ఉడికించి, పిండి గిన్నెలో పెట్టి కాలుస్తారు. ఒక్కోటి పది డాలర్లు, అంటే అయిదువందల యాభై రూపాయలు. పైన పొర కరకరలాడుతూ బాగుంది. లోపల పసుపు బోలెడు, కారం సున్నా. ఈ కూరపొడికి ఒక కథ ఉంది. కీన్ అనే ఆయన పంతొమ్మిదో శతాబ్దంలో ఇదే ద్వీపంలో తయారు చేసిన పొడి ఇప్పటికీ ఆస్ట్రేలియా అంతా అమ్ముతారు. మావారు జేబులోంచి కారప్పొడి పొట్లం తీసి చల్లుకున్నారు. కౌంటర్ దగ్గరున్న ముసలావిడ చూసి, "ఎలా ఉంది డార్లింగ్?" అంది. అరవై ఐదేళ్ల మనిషి, చెవులు ఎర్రబడ్డాయి.

ఊరి చివర పొలాల్లో లేత ఊదారంగు, తెలుపు పూలు, కనుచూపు మేర. కంచెకి హెచ్చరిక బోర్డులు, లోపలికి రావద్దు, ప్రమాదం అని. పూలకి ప్రమాదమేంటని దగ్గరికెళ్లి చూస్తే గసగసాల మొక్కలు! మందుల కంపెనీల కోసం ప్రభుత్వ అనుమతితో వేస్తారు. ప్రపంచంలో నొప్పి మందులకు వాడే చట్టబద్ధమైన నల్లమందు సరుకులో పెద్ద వాటా ఈ చిన్న ద్వీపానిదే. కోడికూరలో వేసుకునే గసగసాలకి ఇంత కాపలా ఏమిటి అనుకున్నాను.

రాత్రి తొమ్మిదయినా చీకటి పడలేదు. మేం దిగిన కాటేజీ గడ్డిలో ఏదో ముక్కుతో నేల తవ్వుతోంది. కుందేలంత ఉంది, మూతి పొడుగు, వీపు వెనక తెల్ల చారలు. గోడ మీదున్న పటం చూసి మనవడు అరిచాడు, "అమ్మమ్మా, బ్యాండికూట్!"

ఆ మాట మనదేరా అన్నాను. వాడు నమ్మలేదు. పందికొక్కు అన్న తెలుగు మాటే ఇంగ్లిషువాళ్ల నోట్లో బ్యాండికూట్ అయింది. మన పందికొక్కుకీ ఆ జంతువుకీ చుట్టరికమేమీ లేదు. ఇది కంగారూ లాగా పిల్లని సంచిలో మోసుకునే జాతి. చూడ్డానికి అలా అనిపించి ఇండియా నుంచి తెచ్చిన పేరు తగిలించారు. ఇంటర్నెట్‌లో చూసి నిర్ధారించుకున్నాక వాడు పడుకునే దాకా "పందికొక్కు, పందికొక్కు" అని జపం చేశాడు.

డిసెంబరు 22, బ్రికెండన్

పొద్దున్నే దారి తప్పాం. ఫోను చెప్పిన మలుపు తిరిగితే మట్టిరోడ్డు, ఆ చివర తెరిచున్న గేటు. లోపలికి వెళ్లి, ఇది కాదని తెలిసి వెనక్కి వస్తూ, మా అల్లుడు మర్యాదగా దిగి గేటు మూసి గొళ్లెం పెట్టాడు. రెండు నిమిషాల్లో ఒక పాత ట్రక్కు వచ్చి ఆగింది. వెనక రెండు కుక్కలు. దిగిన మనిషి మోకాళ్ల దాకా బూట్లు, ఎండకి కాలిన మెడ.

"గేటు తెరిచి ఉంటే తెరిచే ఉంచాలి, మూసి ఉంటే మూసే ఉంచాలి మిత్రమా," అన్నాడు. అవతలి పొలం నుంచి గొర్రెల్ని ఇటు తోలుకొస్తున్నాడట, అందుకే తెరిచిపెట్టాడు. అల్లుడు పది సార్లు సారీ చెప్పాడు. ఆయన గొర్రెలొచ్చేదాకా మమ్మల్ని పక్కన నిలబడమని, అవి వెళ్లాక దారి చెప్పాడు. రెండు కుక్కలు, ఒక్క మనిషి, వందల గొర్రెలు. ఒక్క గొర్రె పక్కకి పోలేదు. మావారికి ఆ ట్రిప్పు మొత్తంలో నచ్చింది అదే.

బ్రికెండన్ ఇప్పటికీ పండే పొలం. ఇంగ్లండులో హర్ట్‌ఫర్డ్‌షైర్ నుంచి వచ్చిన విలియం ఆర్చర్ 1824లో మొదలుపెట్టాడు. రెండొందల ఏళ్లయినా ఆ కుటుంబమే సాగు చేస్తోంది, ఇప్పుడు ఏడో తరం. పొలాల మధ్య గట్లకి బదులు హాథార్న్ ముళ్లచెట్ల కంచెలు, ఇంగ్లండులో లాగే. ఈ పొలం పేరు కూడా ఇంగ్లండు నుంచి తెచ్చుకున్నదే. దేశం కాని దేశంలో సొంత ఊరిని కట్టుకోవాలని మనిషికి ఎంత తాపత్రయమో! అయితే అంతకుముందు ఈ నేల ఖాళీగా ఏమీ లేదు. పన్నినర్ అనే తెగవాళ్లది. 1820లు, 30లలో తెల్లవాళ్లకీ ఆదివాసులకీ జరిగిన పోరులో వాళ్ల బతుకు చెల్లాచెదురైంది.

టికెట్ కొని లోపలికెళ్తే పెద్ద ఇల్లు కనబడదు. అది కుటుంబం ఉండే చోటు. మనం చూసేది పొలం పనుల ఊరు. చెక్క పలకల బార్న్‌లు, అంటే పంట నూర్చి దాచుకునే కొట్టాలు, రెండు, ఎండకీ వానకీ బూడిదరంగు తిరిగి. కమ్మరి కొట్టం, వంటశాల, మాంసం పొగబెట్టే ఇల్లు, కోళ్ల గూడు, బండ్ల పాక, నాగళ్లూ గుంటకలూ పెట్టే పాక, చిన్న గుడి. ఆ బార్న్‌లో నిలబడితే కిర్రుమని చప్పుడు, పాత గడ్డి వాసన. మన కళ్లం ఆకాశం కింద ఉంటుంది. వానకి భయపడే ఇంగ్లండు రైతు కళ్లాన్ని కూడా కప్పు కిందకి తెచ్చుకున్నాడు.

నేను ఎక్కువసేపు నిలబడిపోయింది ధాన్యం కొట్టు దగ్గర. నేల మీద లేదది. వరసగా రాతి స్తంభాలు, ఒక్కో స్తంభం నెత్తిన గుండ్రటి రాతి మూత, అచ్చం పుట్టగొడుగుల్లా. వాటి మీద కొట్టు కూర్చుంది. ఎలక స్తంభం ఎక్కగలదు గానీ గొడుగు అంచు కింద తలకిందులుగా పాకలేదు, కిందపడుతుంది. మావారు వంగి, ఆ గొడుగు కిందికి చెయ్యి పోనిచ్చి తడిమి చూశారు. "ఇంతేనా! ఈ బుద్ధి మనకెందుకు పుట్టలేదు?" అన్నారు.

నాకు రోషం వచ్చింది. మా పుట్టింట్లో గాదె కూడా రాళ్ల మీదే ఉండేది. పేడా మట్టీ కలిపి అలికేవాళ్లు, ధాన్యంలో వేపాకు వేసేవాళ్లు. ఎలకలకి అది చాలు. కానీ పందికొక్కులు అడుగు నుంచి బొరియలు తవ్వి, రాయి పక్కకి ఒరిగేలా చేసేవి. ఒక వానాకాలం గాదె ఒక మూలకి కుంగిపోతే మా పాలేరు రాత్రంతా బస్తాలు మోసి సావిట్లోకి చేర్చాడు. ఆ రాత్రి లాంతరు పట్టుకుని నిలబడింది నేను. ఏడేళ్లుంటాయేమో. ఆ సంగతి నలభై ఏళ్లుగా గుర్తు రాలేదు, ఆ రాతి గొడుగు చూస్తే వచ్చింది.

ఇంతకీ ఈ గొడుగులు చెక్కింది ఎవరు? ఖైదీలు.

బ్రిటన్ తన నేరస్తుల్ని ఓడలెక్కించి ఈ ద్వీపానికి పంపేది. 1803 నుంచి 1853 వరకు సుమారు 75 వేల మంది వచ్చారు. అప్పట్లో దీని పేరు వాన్ డీమెన్స్ లాండ్. జైలు గోడలంటూ పెద్దగా అక్కర్లేదు, చుట్టూ సముద్రమే. చాలామందిని రైతులకి పనివాళ్లుగా అప్పగించేవాళ్లు. తిండి, బట్ట, పడుకునే చోటు రైతు చూసుకోవాలి. అంటే బత్తెమే గానీ జీతం లేదు. కమ్మరి వస్తే కమ్మరి పని, వడ్రంగి వస్తే వడ్రంగం, ఏ పనీ రానివాడు గొర్రెల వెంట. ఆడ ఖైదీలు ఇంటి పనికి. తప్పు చేస్తే యజమాని తనే కొట్టకూడదు, మేజిస్ట్రేటు దగ్గరికి తీసుకెళ్లాలి. ఆ మేజిస్ట్రేటు సాధారణంగా పక్క పొలం ఆసామే. ఈ పద్ధతి 1840 ప్రాంతంలో ఆగింది. ఈ బ్రికెండన్, పక్కనున్న ఊల్మర్స్, రెండూ కలిపి వందమందికి పైగా ఖైదీలతో నడిచాయి. అందుకే 2010లో యునెస్కో ఆస్ట్రేలియాలోని 11 ఖైదీ స్థలాలను ప్రపంచ వారసత్వంగా గుర్తించినప్పుడు, పోర్ట్ ఆర్థర్ లాంటి జైళ్ల పక్కన ఈ రెండు పొలాలనీ చేర్చింది.

గుడి దగ్గర ఆగాం. చిన్నది, కోసుగా ఉన్న కిటికీలు. ఆదివారం ప్రార్థన ఖైదీల ఇష్టానికి వదిలేసిన సంగతి కాదు. మా అమ్మాయి, "వారమంతా పని, ఆదివారం కూడా వదలరా?" అంది. ఆదివారం కూర్చోబెట్టేది అదొక్కటే చోటు కదే అన్నాను.

ఒక ఇటుక గోడలో, నడుము ఎత్తులో ఉన్న ఇటుక మీద చిన్న గుంట. పచ్చిగా ఉన్నప్పుడు ఎవరో అచ్చులోంచి తీస్తూ వేలు నొక్కారు. టాస్మేనియా పాత ఇటుకల్లో ఇలాంటి వేలిముద్రలు చాలాచోట్ల కనిపిస్తాయట. గీతలు కూడా తెలుస్తున్నాయి. నా బొటనవేలు పెడితే పట్టలేదు. మనవడు పెడితే సరిగ్గా సరిపోయింది. వాడికి తొమ్మిదేళ్లు. వేలు తీసి, ఏమనుకున్నాడో, చొక్కాకి తుడుచుకున్నాడు.

డిసెంబరు 23, ఊల్మర్స్

రెండు ఎస్టేట్లకీ మధ్య మూడు కిలోమీటర్ల లోపు నడక దారి ఉంది. మెక్వారీ నది మీద వేలాడే వంతెన. అమ్మాయీ నేనూ నడిచాం, మగవాళ్లు కార్లో వచ్చారు. దారంతా గాలి, గొర్రెలు, ఒక్క మనిషి లేడు. వంతెన ఊగుతుంటే "అమ్మా, కిందికి చూడకు" అంటూ తను చూసి తనే భయపడింది.

దారిలో ఒక గేటు పక్కన చెక్కపెట్టెలో కోడిగుడ్లు, రాస్ప్‌బెర్రీ పళ్లు, పక్కన డబ్బులేసే డబ్బా. మనిషెవరూ లేరు. పళ్లు అయిదు డాలర్లు, మా దగ్గర ఇరవై నోటే ఉంది. చిల్లర ఎలా తీసుకోవాలి? డబ్బా మూత తీస్తే లోపల డబ్బులున్నాయి, మనమే తీసుకోవచ్చు. అమ్మాయి తీస్తానంది. ఎవరైనా చూస్తే దొంగలనుకుంటారని నేను వద్దన్నాను. చివరికి ఇరవై డాలర్లకి నాలుగు పెట్టెల పళ్లు కొన్నాం. మధ్యాహ్నానికి సగం మెత్తబడి, అల్లుడి చొక్కా ఎర్రగా అయింది. ఖైదీల ద్వీపంలో తాళం లేని డబ్బా అని మావారు జోకు వేశారు. ఎవరూ నవ్వలేదు.

ఊల్మర్స్ వేరే తీరు. ఇక్కడ సాగు కంటే ఇల్లు ముఖ్యం. బ్రికెండన్ విలియం తోబుట్టువు థామస్ ఆర్చర్ ప్రభుత్వ సరుకుల గిడ్డంగిలో గుమాస్తాగా ఈ వలస రాజ్యానికి వచ్చాడు. 1817లో 800 ఎకరాలు పొందాడు. తర్వాత మేజిస్ట్రేటు, శాసనమండలి సభ్యుడు. ఆయన పెద్దకొడుకు థామస్, వాడి పెద్దకొడుకు థామస్, అలా ఆరుగురు. ఆరో థామస్‌కి పిల్లల్లేరు. 1994లో చనిపోతూ ఎస్టేటంతా ట్రస్టుకి వదిలేశాడు. ఏదీ పారేసే అలవాటు లేని వంశం. అందువల్ల ఆరు తరాల సామాను ఎక్కడిదక్కడే ఉంది: కంచాలు, కర్టెన్లు, టోపీలు, పుస్తకాలు. మా అత్తగారి అటక గుర్తొచ్చింది. ఆవిడ ఖాళీ హార్లిక్స్ సీసాలు దాచేది, వీళ్లు వెండి దాచారు.

ముందు కట్టిన పాత చెక్క ఇల్లు, దానికి 1840లలో అతికించిన ఇటలీ తరహా ముందుభాగం, రెండూ వీపులు ఆనించుకుని ఉన్నాయి. వీధివైపు నుంచి వస్తే దర్జా, పెరటివైపు నుంచి వస్తే పల్లె. ఆ కొత్త భాగం గీసింది మొదటి థామస్ కొడుకు విలియం, బ్రికెండన్ విలియం కాదు. ఆయన వాస్తుశిల్పే కాక మొక్కల పండితుడు కూడా. హుకర్ అనే ప్రసిద్ధ వృక్షశాస్త్రవేత్త టాస్మేనియా మొక్కల మీద రాసిన గ్రంథాన్ని అంకితమిచ్చిన ఇద్దరిలో ఈయన ఒకరు.

గైడు పెద్దావిడ, వాలంటీరు. భోజనాల గదిలో వెండి గిన్నెల గురించి పావుగంట చెప్పింది. నాకు ఆపుకోలేనిది ఒకటే ప్రశ్న: ఈ గిన్నెలు ఎవరు తోమేవారు, నీళ్లు ఎక్కడి నుంచి వచ్చేవి? ఆవిడ మొహం వెలిగిపోయింది. "అందరూ కర్టెన్లు అడుగుతారు," అని మమ్మల్ని పెరట్లోకి తీసుకెళ్లింది. అక్కడి నుంచి ఆవిడ వేరే మనిషి. పనివాళ్ల వంటగది, రొట్టెల పొయ్యి, నీళ్ల పంపు ఇల్లు, యాపిల్ రసం తీసి సైడర్ చేసే ఇల్లు, బండ్ల సాల, అన్నీ వరసగా. ఉన్ని కొట్టం 1819 నాటిదని చెప్పింది. ఆస్ట్రేలియాలో మిగిలిన అతి పాత ఉన్ని కొట్టాల్లో ఒకటి. లోపల చెక్కకి గొర్రె ఉన్ని జిడ్డు పట్టి నున్నగా, నూనె రాసినట్టు మెరుస్తోంది. రెండొందల ఏళ్ల గొర్రెలు రాసుకుని వెళ్లిన గుంజ మీద చెయ్యి వేస్తే వేళ్లకి మెత్తగా అంటింది. ఇంటి లోపలి వెండి ఏదీ నాకిప్పుడు గుర్తులేదు. ఆ గుంజ గుర్తుంది.

పక్కనే పెద్ద గులాబీ తోట, దేశం పేరు పెట్టుకున్నది, వేల మొక్కలు. అందరూ ఫోటోలు దిగుతున్నారు. మేమూ దిగాం. బాగుంది, అంతకన్నా చెప్పేదేం లేదు. టీ, స్కోన్‌లు అయిదుగురికీ డెబ్భై డాలర్ల పైన అయింది. రెండు చోట్లా కలిపి టికెట్లకి నూటయాభై లోపు.

బెంచీ మీద కూర్చున్నప్పుడు అల్లుడు ఫోనులో ఒకటి చూపించాడు. ఖైదీల రికార్డులు టాస్మేనియా ప్రభుత్వం ఉచితంగా ఇంటర్నెట్‌లో పెట్టింది. 2007లో యునెస్కో వాటిని ప్రపంచ జ్ఞాపకాల జాబితాలో చేర్చింది. ఎవరో ఒకడి పేజీ. వంకర చేతిరాత. పేరు, ఇంటిపేరు, వృత్తి, వయసు, చెప్పుల్లేకుండా ఎత్తు అడుగులు అంగుళాల్లో. జుట్టు రంగు, కనుబొమలు, ముక్కు, నోరు, గడ్డం ఒక్కోదానికీ ఒక్కో గడి. చేతి మీద పచ్చబొట్టు ఏముందో కూడా. పారిపోతే పట్టుకోవడానికి రాసుకున్నారు, ప్రేమతో కాదు. అయినా రాసుకున్నారు. ఇంకో పుస్తకంలో ప్రవర్తన: సెలవు లేకుండా వెళ్లాడు, తాగాడు, ఎదురు మాట్లాడాడు, పక్కనే శిక్ష.

"మీ పాలేరు ఎంత పొడుగుండేవాడు అమ్మమ్మా?" అన్నాడు మనవడు. నిన్న గాదె దగ్గర చెప్పింది విని గుర్తుపెట్టుకున్నాడు.

గుమ్మానికి తల వంచి వచ్చేవాడని చెప్పాను. ఇంటిపేరేంటన్నాడు. తెలియదు. మా ఇంట్లో ముప్పై ఏళ్ల పైన చేసిన మనిషి. మాకంటే నలభై ఏళ్లు పెద్దవాడు. పిల్లలం కూడా పేరు పెట్టి "ఒరేయ్" అనే పిలిచేవాళ్లం. పేరు ఇక్కడ రాయను, ఆయన పిల్లలూ మనవలూ ఉన్నారు. గొడ్లసావిడి వసారాలో పడుకునేవాడు, నులకమంచం మీద. ఎదురుగా గాదె. ఇవన్నీ తెలుసు, ఇంటిపేరు తెలియదు. మావారు మాట మార్చబోయారు. మనవడు మారనివ్వలేదు.

డిసెంబరు 24, క్యాంప్‌బెల్ టౌన్, రాస్

దక్షిణంగా హైవే మీద గంట ప్రయాణం కూడా లేదు. రోడ్డు పక్కన చచ్చిపడి ఉన్న వాలబీలు (చిన్న కంగారూల్లాంటివి), పాసమ్‌లు (రాత్రిళ్లు తిరిగే చెట్లెక్కే జంతువులు) లెక్కలేనన్ని. అద్దె కారు ఇచ్చినవాళ్లు చీకటి పడ్డాక నడపొద్దని ఎందుకన్నారో అర్థమైంది.

క్యాంప్‌బెల్ టౌన్‌లో 1838లో ఖైదీలు కట్టిన ఎర్ర ఇటుకల వంతెన మీదుగా ఇప్పటికీ లారీలు పోతున్నాయి. అది చూద్దామని ఆగితే కాళ్ల కింద ఇంకోటి కనిపించింది. మెయిన్ రోడ్డు కాలిబాట వెంట వరసగా ఎర్ర ఇటుకలు, ఒక్కో ఇటుక మీద ఒక్కో ఖైదీ పేరు. వయసు, ఎక్కిన ఓడ, వచ్చిన సంవత్సరం, చేసిన నేరం, పడిన శిక్ష. గొర్రె దొంగతనం. బట్టల దొంగతనం. 7 ఏళ్లు. 14 ఏళ్లు. జీవితాంతం. జనం కాఫీ కప్పులు పట్టుకుని వాటి మీదుగానే నడుస్తున్నారు. నాకు కాలు పెట్టబుద్ధి కాలేదు. పేరు మీద అడుగు వెయ్యడం మనకి అలవాటు లేదు కదా, పుస్తకం తగిలితేనే కళ్లకద్దుకుంటాం. ఇటుకల పక్కన ఉన్న సన్నటి సిమెంటు అంచు మీద నడిచాను. ఒకావిడ నా నడక చూసి కాలు నొప్పా అనడిగింది.

మనవడు వంగి వంగి చదువుతూ నేరాల్లో కెల్లా చిన్నదేదో వెతికాడు. మావారు బేకరీ వెతికారు.

రాస్‌లో 1836 నాటి రాతి వంతెన. డేనియల్ హెర్బర్ట్ అనే ఖైదీ శిల్పి తోటివాళ్లతో కలిసి వంతెన కమానుల చుట్టూ 186 బొమ్మలు చెక్కాడు. మొహాలు, జంతువులు, ఆకులు. నది గట్టు దిగి కింద నుంచి చూడాలి. వంతెన పూర్తయ్యాక అతనికి క్షమాభిక్ష దొరికింది. ఊరి నడి కూడలిలో నాలుగు మూలలకి నాలుగు పేర్లు పెట్టుకున్నారు: సారా హోటల్ ప్రలోభం, టౌన్‌హాల్ వినోదం, చర్చి మోక్షం, పాత జైలు నరకం. క్రిస్మస్ ముందురోజు కావడంతో ప్రలోభం దగ్గరే జనం.

మళ్లీ స్కాలప్ పై తిన్నాం. ఈసారి ముందే కారప్పొడి చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

జనవరి, తెనాలి దగ్గర మా ఊరు

పండక్కి పుట్టింటికి వెళ్లినప్పుడు అన్నయ్యని అడిగాను, మన పాలేరు ఇంటిపేరేంటని. "ఇప్పుడెందుకే?" అన్నాడు. తర్వాత ఏమనుకున్నాడో, అటక ఎక్కి నాన్న పద్దుల పుస్తకాలు దింపాడు. చెదలు తినగా మిగిలినవి మూడు. గాదె లేదు, గొడ్లసావిడి లేదు. ఆ స్థలంలో అన్నయ్య కారు షెడ్డు వేశాడు.

నాన్న చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. 1968 పుస్తకంలో దొరికాడు. పేరు చివర "గాడు" తగిలించే ఉంది, ప్రతిచోటా. "...గాడికి జీతం కింద వడ్లు 3 బస్తాలు." "...గాడి పెళ్లానికి జబ్బు, చేబదులు 20 రూ." "...గాడు రాలేదు, 2 రోజులు విరుపు." ఇంటిపేరు ఎక్కడా లేదు. ఎత్తు సంగతి సరేసరి.

వాళ్ల పెద్దబ్బాయి గుంటూరులో ఉన్నాడని, నంబరు తన దగ్గరుందని అన్నయ్య ఫోను తీశాడు. చాలాసేపు వెతికాడు. పేరుతో దొరకలేదు. చివరికి దొరికింది. తెర నాకు చూపించకుండా చదివి నంబరు చెప్పబోయాడు గానీ, పక్కనే ఉన్నాను కదా, కనిపించనే కనిపించింది. "పాలేరు కొడుకు" అని సేవ్ చేసుకున్నాడు.